హేవర్డు దొర కూతురు

దొరల సీమ నుంచి ఉత్తరం వచ్చిన పూట యెహోషువ మాస్టారు పెరట్లో తల్లి దుప్పట్లు ఉతుకుతున్నాడు. పొద్దుటి నుంచి అది రెండో ఉతుకు. అరవై రెండేళ్లొచ్చాయి, రెండు కళ్లలోనూ శుక్లాలు, వంగితే లేవనివ్వని నడుము. భార్య పోయి ఆరేళ్లు, ఒక్క కూతురు గూడూరులో కాపురం. ఈ లోకంలో ఇక తనకు ఉత్తరాలు రాసేవాళ్లు లేరు, రాసినా జవాబిచ్చే ఓపిక తనకు లేదు అని తీర్మానించుకుని చాలా రోజులైంది. అలాంటి మనిషి ఇంటి ముందు పోస్టుమాను సైకిలు ఆపి, కవరు పైకెత్తి, "అయ్యవారూ! రాణి బొమ్మ స్టాంపు!" అని వీధంతా వినబడేలా కేక పెట్టాడు.

ఆ కేక లోపల మంచంలో ఉన్న ఎలిశబెతమ్మ చెవిన పడింది. ఆమెకు ఎనభై అయిదు. గంజి తాగమంటే వినపడదు, మందు వేసుకోమంటే అసలే వినపడదు. సీమ స్టాంపు మాత్రం గోడ అవతల నుంచి కూడా వినబడింది.

"ఒరే యెహోషువా! మా నాయన తరపోళ్లేనంట్రా?"

యెహోషువ తడి దుప్పటి తీగ మీద పడేసి, చేతులు పంచెకు తుడుచుకుని, కవరు అందుకున్నాడు. ఆ ప్రశ్న విని విని ఆయనకు విసుగు కూడా మొద్దుబారిపోయింది.

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే సరుగుడు తోపుల మధ్య పాదిరిపాళెం. ఒక గుడి, ఒక బడి, సగం కప్పు కూలిన మిషను బంగళా, అరవై ఇళ్లు. ఆ ఊళ్లో ఎలిశబెతమ్మ అంటే ఎవరికీ తెలియకపోవచ్చు గానీ దొర కూతురంటే పసిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఆమె రేకు పెట్టెలో పెళ్లినాడు తెప్పించుకున్న బాప్తిస్మం నకలు ఉంది. పేరు ఎలిశబెతు, వయసు సుమారు మూడు, సంవత్సరం వెయ్యిన్నీ ఎనిమిది వందల డెబ్బై ఏడు, తండ్రి పేరు రెవరెండు ఆర్థర్ హేవర్డు. తల్లి పేరు ఉండవలసిన చోట అడ్డంగా ఒక గీత. హేవర్డు దొర పెళ్లి కాకుండానే వచ్చాడు, పెళ్లి కాకుండానే వాంతిభేదులు తగిలి పోయాడు. పెళ్లి కాని దొరకు కూతురెక్కడిదని అడగవలసిన వాళ్లు ఆ గీతను చూసి, అంతా అర్థమైనట్టు తల పంకించి ఊరుకున్నారు. ఎవరో కూలి మనిషయి ఉంటుందిలే అనుకున్నారు.

ఎలిశబెతమ్మ ఆ మాటకు ఏనాడూ నొచ్చుకోలేదు. తల్లి ఎవరైతే ఆమెకేం? "మా నాయన కళ్లు నీలం. గడ్డం ఎర్రగా మొక్కజొన్న పీచు మాదిరి ఉండేది. నడస్తా ఉంటే తలుపుకు తల తగిలేది" అని ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పేది. మరి నువ్వింత నలుపేందవ్వా అంటే ఈ ఊరి ఎండలకు దొరసానులే నల్లబడతారు పోబ్బా అనేది. మొగుడు మిషను బంగళాలో తోటమాలి. "మా నాయన బతికుంటే నన్ను ఈయనకు ఇచ్చేవాడా?" అని నలభై ఏళ్లపాటు ఆయన ఎదుటే అనింది. ఆయన నెమ్మదస్తుడు, నవ్వి పోయి మొక్కలకు నీళ్లు పోసుకునేవాడు.

యెహోషువకు చిన్నప్పుడు దొర మనవడా అని పిలిస్తే ఒళ్లు పొంగేది. పెద్దయ్యాక సిగ్గేసేది. అయినా బడిలో పనికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు చివర్న ఒక వాక్యం, దివంగత రెవరెండు హేవర్డుగారి దౌహిత్రుణ్ణి అని, చక్కటి ఇంగ్లీషులో రాసిన మాట నిజం. ఉద్యోగం ఆ వాక్యానికే వచ్చిందో తన చదువుకే వచ్చిందో ముప్ఫై అయిదేళ్లు పాఠాలు చెప్పినా తేల్చుకోలేకపోయాడు.

ఉత్తరం ఆయన పేరిట రాలేదు. పాదిరిపాళెం గుడి అధికారికి అని ఉంది. పాస్టరు గూడూరులో ఉంటాడు, నెలకొకసారి వచ్చి ఆరాధన జరిపించి పోతాడు. గుడి తాళాలు, గుడి ఉత్తరాలు, గుడి చెదలు అన్నీ యెహోషువ మాస్టారివే.

"చదవరా. నోట్లో నాలిక లేదా?"

భూతద్దం పెట్టుకుని చదివాడు. రాసిన ఆమె మిస్ డొరతీ హేవర్డు. ఆర్థర్ హేవర్డు ఆమె తాతగారికి తమ్ముడు. వంశవృక్షం తయారు చేస్తున్నది. పదేళ్లుగా వాళ్ల ఊరి గుడి రిజిస్టర్లన్నీ తిరగేసింది, లండన్లో వీలునామాల కచేరీకి పోయింది, పాదిర్లు చదువుకున్న కాలేజీ దాఖలాలు చూసింది. రెండు వందల యాభై ఏళ్ల వెనక్కి పోయి ఎనిమిది తరాలు పట్టుకుంది. వాళ్లలో మొత్తం నలుగురు పాదిర్లు. ముగ్గురి పుట్టుక, పెళ్లి, చావు, సమాధి, సంతానం అన్నీ తేలాయి. ఆర్థర్ ఒక్కడి దగ్గరే దారి తెగిపోయింది. పాదిరిపాళెం మిషనుకని ఓడ ఎక్కినట్టు దాఖలా ఉంది, ఆపైన ఏమీ లేదు. ఎప్పుడు పోయాడు, ఎక్కడ పాతిపెట్టారు, పెళ్లయిందా, పిల్లలున్నారా? దయచేసి మీ రిజిస్టర్లు చూసి తెలియజేయగలరు.

యెహోషువ తెలుగులో చెప్పుకుంటూ వచ్చాడు. పిల్లలున్నారా అన్న మాట దగ్గర తల్లి చెయ్యి వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. మంచం పట్టిన మనిషికి అంత బలం ఎక్కడిదో!

"అడిగినారా? నా సంగతి అడిగినారా?"

"నీ పేరు వాళ్లకేం తెల్సమ్మా. పిల్లలుండారా అని అడిగినారు."

"అంటే నేనే గదా. రాయి. ఉండాదని రాయి. మా నాయన చెట్టులో నా పేరు ఎక్కించమని రాయి. ఒక్క ముక్క వాళ్ల చేత్తో ఎలిశబెతూ, నువ్వు మా పిల్లవే అని రాయించు. అంతే చాలు, నేను పోతా."

ఆ చివరి మాట ఆమె బెదిరింపుగా అనలేదు. పనివాళ్లు పొద్దు వాలాక ఇంటికి పోతామన్నట్టే అనింది. రెండేళ్లుగా మంచంలో ఉండి, వీపంతా పుండ్లు పడి, ఇంకా ఎందుకు బతికి ఉందో ఆమెకు తెలుసు. ఆ ఒక్క ముక్క కోసం.

అప్పుడే గేటు దగ్గర చేపల గంప దించి నాగులమ్మ లోపలికొచ్చింది. రేవున ఉన్న జాలరి పల్లె పట్టపుపాళెం మనిషి, మొగుణ్ణి సముద్రానికిచ్చి పన్నెండేళ్లయింది. చేపలమ్ముకుంటూ పోతూ రోజూ ఒకసారి ఈ ఇంట్లో ఆగి, ముసలామెను పక్కకు తిప్పి, ఒళ్లు తుడిచి, పుండ్లకు మందు రాసి పోతుంది. యెహోషువ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. గంప గేటు దాటి రాకూడదన్నది ఎలిశబెతమ్మ కట్టడి. చేపల వాసన దొర కూతురికి పడదు.

"నీ చేతులు కంపుమే" అనింది ఎలిశబెతమ్మ, ఎప్పటిలాగే.

"కంపు చేతులే దిక్కు దొరసానమ్మా. ఇట్టా తిరుగు" అనింది నాగులమ్మ, ఎప్పటిలాగే.

యెహోషువ మర్నాడు బంగళాకు పోయాడు. పాత రిజిస్టర్లు చాలాకాలం వేరే ఊళ్లో మిషను కచేరీలో ఉండేవి. దొరలు దేశం విడిచిపోయేటప్పుడు ఏ ఊరివి ఆ ఊరికి పెట్టెల్లో పంపేశారు. అవి వచ్చి ఏడేళ్లయింది. పెట్టె తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది. ఒక్కసారి కూడా తెరవలేదు. తీరిక లేక అని చెప్పుకునేవాడు గానీ అసలు సంగతి ధైర్యం చాలకపోవడం.

సగం చెదలు తిన్నాయి. తినని సగంలో డెబ్బై ఏడో సంవత్సరం ఉంది. పెద్ద పుస్తకం, అట్టకు తోలు, లోపల నిలువు గీతల గడులు. నవంబరు పద్దెనిమిది, ఆదివారం. ఆ ఒక్కరోజే నలభై ముగ్గురికి బాప్తిస్మం. ధాత సంవత్సరపు కరువులో దిక్కులేకుండా దొరికిన పిల్లలు. భూతద్దం కింద వేలు పెట్టుకుంటూ చూశాడు. ఒకటో పేరు పౌలు, వయసు సుమారు అయిదు, తండ్రి పేరు రెవరెండు ఆర్థర్ హేవర్డు. రెండో పేరు మార్త, వయసు సుమారు ఏడు, తండ్రి పేరు రెవరెండు ఆర్థర్ హేవర్డు. మూడు, నాలుగు, అయిదు. పేజీ తిప్పాడు. పదిహేడో పేరు ఎలిశబెతు. తండ్రి పేరు రెవరెండు ఆర్థర్ హేవర్డు. నలభై మూడో పేరు దాకా అదే తండ్రి, అదే చేతిరాత, ఎక్కడా చెయ్యి తడబడలేదు.

తల్లి పేరు గడిలో మాత్రం ఏమీ లేదు. మొదటి పేరు నుంచి ఆఖరి పేరు దాకా పైనుంచి కిందికి ఒకే గీత.

రాసింది ఉపదేశి హెబ్రోను. యెహోషువకు చిన్నతనంలో తెలిసిన ముసలాయన, గుడి మెట్ల మీద కూర్చుని పిల్లలకు కథలు చెప్పేవాడు. పేజీ అంచున ఇంకో చేతిరాత ఉంది, సన్నగా, ఇంగ్లీషులో, వాలుగా. యెహోషువ కిటికీ దగ్గరకు తీసుకుపోయి చదివాడు.

"నేను నెల్లూరు నుంచి తిరిగి వచ్చేసరికి హెబ్రోను ఈ పిల్లలందరికీ తండ్రి పేరు కింద నా పేరు రాసి ఉంచాడు. కొట్టివేయమన్నాను. తండ్రి పేరు లేని బిడ్డను రేపు ఎవరూ పంక్తిలో కూర్చోనివ్వరు, పిల్లనివ్వరు, పిల్లను చేసుకోరు, ఆ గడి ఖాళీగా ఉంచడం నా చేత కాదు, కావాలంటే నన్ను పనిలోనుంచి తీసేయండి అన్నాడు. ఏడ్చాడు కూడా. మరి తల్లి గడిలో గీత ఎందుకు గీశావన్నాను. పెళ్లి కాని మీ పేరు పక్కన ఆడమనిషి పేరు రాస్తే మీకు మచ్చ కాదా దొరా అన్నాడు. నేను నవ్వాను. వీళ్ల తండ్రులెవరో చెప్పగలిగిన వాళ్లు ఎవరూ మిగలలేదు. ఉండనివ్వండి. ఆ. హే."

యెహోషువ అక్కడే నేల మీద కూలబడ్డాడు. దొరకు మచ్చ రాకూడదని గీసిన గీత! ఆ గీతను చూసే కదా ఎనభై ఏళ్లుగా ఊరంతా తల పంకించింది. తన దరఖాస్తులోని వాక్యం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. కోపం రావాలి గానీ ఎవరి మీద రావాలో తెలియలేదు. హెబ్రోను మీదా? గుక్కెడు గంజి కోసం బాటల పక్కన పడి ఉన్న నలభై ముగ్గురికి ఆయన ఒక్క కలంపోటుతో తండ్రిని తెచ్చిపెట్టాడు. ఆ పని చేసే దమ్ము తనకుందా? లేదు. ఎంత అలసటగా అనిపించిందంటే, ఆ చెదల మధ్యే పడుకుని నిద్రపోదామనిపించింది.

ఆఖరి గడిలో పిల్లలు దొరికిన చోటు రాసి ఉంది. గూడూరు బాట పక్కన. మనుబోలు సత్రం అరుగు మీద. ఎలిశబెతుకు ఎదురుగా, పట్టపుపాళెం రేవు, ఇసుకలో అని ఉంది.

నాలుగు రోజులు తల్లికి చెప్పలేదు. దొరకలేదన్నాడు, చెదలన్నాడు, కళ్లు కనపడలేదన్నాడు. అబద్ధమాడకూడదని బడిపిల్లల చేత వందసార్లు రాయించిన మనిషి. ఆమె పట్టిన పట్టు విడిచే రకం కాదు. గంజి మానేసింది. అయిదో రోజు నాగులమ్మ "చెప్పెయ్యి అయ్యవారూ, కడుపు మాడ్చుకుని సచ్చిపోద్ది" అనింది. ఇక చేతగాక రిజిస్టరే ఇంటికి మోసుకొచ్చి, మంచం పక్కన ముక్కాలిపీట మీద పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చదివి తెలుగులో చెప్పాడు. దొర రాసింది కూడా చెప్పాడు.

ఎలిశబెతమ్మ ఇంటి కప్పు వైపు చూస్తూ వినింది. తన వల్లే తల్లి ప్రాణం పోతుందేమోనని యెహోషువ వంగి ఆమె ఊపిరి ఆడుతోందా అని చూశాడు.

"నా పేరు ఎన్నోది?" అనింది చివరికి.

"పదిహేడోదమ్మా."

"మొదట లేదా?"

"పౌలు మామ పేరుంది మొదట."

"వాడెప్పుడూ అంతే, అన్నిట్లో ముందు దూరేవాడు." ఊపిరి పీల్చుకుంది. "చూడబ్బాయ్. మిగతావోళ్లందరికీ హెబ్రోను తాత జాలిపడి రాసుంటాడు. నాది నిజం. నా పేరు రాసేదానికి వాళ్లందరి పేర్లూ రాసినాడు, దొర సంగతి బయట పడకుండా. నీకు తెల్దు."

"మరి పట్టపుపాళెం రేవు..."

"అది హెబ్రోను తాత రాత తప్పు!"

నాగులమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "అయితే మా పాళెం ఆడబిడ్డవే దొరసానమ్మా! రేపట్నించి గంప లోపలికి తెస్తా."

"తెచ్చి చూడు, కాళ్లిరగ్గొడతా" అనింది ఎలిశబెతమ్మ. కాళ్లు కదపలేని మనిషి ఆ మాట అంత దర్జాగా అంటే యెహోషువకు కూడా నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. పెరట్లోకి పోయి దుప్పట్లు ఉతుక్కున్నాడు.

జవాబు రాయడానికి వారం పట్టింది. దొర పోయిన తేదీ సమాధి రాయి మీద చూసి రాసుకున్నాడు, ఇసుక సగం కప్పేస్తే చేత్తో తోడి. పెళ్లి కాలేదని రాశాడు. పిల్లల సంగతి దగ్గర కలం ఆగింది. ఏం రాయాలి? లేరని రాస్తే లోపల మంచం మీదున్న మనిషిని తన చేత్తో కొట్టేసినట్టు. ఉన్నారని రాస్తే అబద్ధం. చివరికి రెండూ మానేసి, నలభై మూడు పేర్లూ, దొర అంచున రాసిన మాటలూ అక్షరం పొల్లుపోకుండా నకలు తీశాడు. కింద, "వీరిలో నలభై ఇద్దరు పోయారు. పదిహేడో పేరు గల ఎలిశబెతు, నా తల్లి, జీవించి ఉన్నది. మీ దగ్గర నుంచి ఒక్క మాట కోసం చూస్తున్నది" అని రాసి సంతకం పెట్టాడు. పోస్టులో వేశాక ఆ ఆఖరి వాక్యం అడుక్కున్నట్టుందేమోనని బాధపడ్డాడు.

ఆ తర్వాత ఎదురుచూపులు. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది. సైకిలు గంట వినపడితే చాలు "వచ్చిందా?" అనేది. రాలేదంటే "ఓడల్లో జాప్యమయి ఉంటాది" అనేది. మనిషి దుప్పటి కింద ఉందో లేదో తెలియనంత సన్నమైపోయింది. రోజుకు మూడు గుక్కల గంజి. యెహోషువకు కొన్ని పూటలు, ఆ ఉత్తరం వచ్చేస్తే ఈ చాకిరీ అంతా ముగుస్తుంది కదా అనిపించేది. అనిపించిన వెంటనే తన మీద తనకే అసహ్యం వేసేది. అసహ్యం కూడా ఎక్కువసేపు నిలిచేది కాదు, అన్నం వార్చాల్సి ఉండేది.

కార్తీకంలో, తుఫాను గాలి తోపును ఊపేస్తున్న రోజున వచ్చింది. పోస్టుమాను కేక పెట్టలేదు, తడుస్తూ లోపలికే తెచ్చి చేతికిచ్చాడు. నాగులమ్మ అక్కడే ఉంది. ఆ రోజు పడవలు దిగలేదు, గంప లేదు.

యెహోషువ ముందు తనలో తాను చదువుకున్నాడు. మిస్ హేవర్డు మర్యాదగా, ముక్కుసూటిగా రాసింది. వంశవృక్షంలో రక్తసంబంధం గానీ చట్టం ఒప్పిన సంబంధం గానీ ఉన్నవాళ్లనే చేరుస్తారు, అందువల్ల ఈ పేర్లు చేర్చే వీలు లేదు, ఆర్థర్ పేరు కింద సంతానం లేదనే రాయాలి, క్షమించగలరు. యెహోషువ కళ్లు మూసుకున్నాడు. ఇంకో పేజీ ఉంది. దాని మీద చేతిరాత కొంచెం చెదిరింది. ఆయన అంచున రాసిన మాటలు నేను చాలాసార్లు చదివాను. మా ఇంట్లో ఆయన పటం లేదు. ఆయన ఎలా ఉండేవాడో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఎనిమిది తరాల తేదీలు నా దగ్గర ఉన్నాయి గానీ ఒక్క మొహం కూడా లేదు. ఆయనను చూసిన మనిషి ఈ లోకంలో మీ అమ్మగారు ఒక్కరే. ఆయన ఎలా ఉండేవారో ఎలిశబెతుగారిని అడిగి రాస్తారా?

మొదటి పేజీ మడిచి జేబులో పెట్టుకోవచ్చు. పెట్టుకుందామనే అనుకున్నాడు. కానీ దాచడానికి కూడా ఓపిక కావాలి. ఉన్నదున్నట్టు రెండు పేజీలూ చెప్పేశాడు.

మొదటి పేజీ ఆమె చెవిన వేసుకుందో లేదో తెలియలేదు. రెండో పేజీకి మొహం వెలిగిపోయింది.

"నన్నడిగినారా? పేరు పెట్టి అడిగినారా?"

"అడిగినారమ్మా. ఎలిశబెతుగారని రాసినారు."

"లేపండి నన్ను. నాగులూ, తల దువ్వు. ఆ క్రిస్మస్ తెల్లచీర పైన కప్పు."

నాగులమ్మ ఆమె వెనక మంచం మీదికెక్కి, వీపు తన గుండెకానించి కూర్చోబెట్టి, నాలుగు వెంట్రుకలున్న తల దువ్వసాగింది. యెహోషువ ముక్కాలిపీట మీద కాగితం పరిచి కలం తీశాడు. ఎలిశబెతమ్మ గొంతు సవరించుకుంది.

"రాసుకో. మా నాయన కళ్లు..."

ఆగిపోయింది. మాట తడబడిందేమోనని యెహోషువ అందించాడు. "నీలం."

"ఉండబ్బాయ్. అది హెబ్రోను తాత చెప్పిన మాట."

"గడ్డం ఎరుపన్నావు గదా."

"అదీ తాత చెప్పిందే. తలుపుకు తల తగిలేదనింది మార్తక్క. నేను చూసింది చెప్పాల గదా. వాళ్లు నన్నడిగినారు." కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. లోపల ఎక్కడెక్కడో వెతుకుతున్నట్టు నుదురు ముడుచుకుంది. "అయిదేళ్లుండాను గదా ఆయన పోయేనాటికి. గుర్తుండాల. ఎందుకు రాదూ?"

"పోనీలేమ్మా. రేపు చూద్దాం."

"రావడం లేదురా. దొర మొహం రావడం లేదు." గొంతు పిల్లల గొంతులా అయిపోయింది. "ఇన్నేళ్లూ అందరికీ చెప్పినా. నాకేం తెల్దురా. వాళ్లూ వీళ్లూ చెప్పిందే చెప్పినా."

దొర కూతురివి కాదని ఊరంతా ఒక్కటై అన్నా ఒప్పుకోని మనిషి ఆమె. ఇప్పుడు తనంతట తాను ఒప్పుకుంటుంటే యెహోషువ వినలేకపోయాడు. కలం పక్కన పెట్టబోయాడు.

"ఒక చెయ్యి గుర్తుండాది" అనింది.

"దొర చెయ్యా?"

"కాదు. గాజులుండాయి. నల్ల గాజులు. నన్ను ఎత్తుకుని చానా దూరం నడిచింది. ఆ యమ్మ ఎముకలు గుచ్చుకునేయి నాకు. ఇసకలో దించింది. ఈడే కూచోమ్మే, కదలబాక, వచ్చేస్తా అనింది." కళ్లు తెరవలేదు. "నేను కదల్లేదు."

నాగులమ్మ చేతిలో దువ్వెన ఆగిపోయింది. ముసలామె తల తన గడ్డం కిందికి లాక్కుని అలాగే పట్టుకుంది. ఆ చేతులను ఆ రోజు ఎలిశబెతమ్మ ఏమీ అనలేదు.

బయట గాలికి తలుపు కొట్టుకుంటూ ఉంది. యెహోషువ లేచి గడియ పెట్టి వచ్చాడు. వచ్చేసరికి తల్లి కళ్లు తెరిచి తన వైపే చూస్తున్నది.

"ఆ సీమ యమ్మ రిజిస్టర్లన్నీ చూస్తాదన్నావే. రెండొందల యాభై ఏళ్ల కింద సచ్చిపోయినోళ్ల పేర్లు గూడా పట్టిందన్నావే."

"అవునమ్మా."

"దొర మొహం నాకు తెల్దని రాయి. తెలిసుంటే చెప్పుండేదాన్నే అని రాయి. మా యమ్మ పేరేందో యాడన్నా రాసిపెట్టుండారేమో, ఆ పుస్తకాల్లో చూసి చెప్పమని రాయి."

ఏ పుస్తకంలోనూ లేదని యెహోషువకు తెలుసు. ఆ పేరుండవలసిన చోట పైనుంచి కిందికి ఒకే గీత ఉంది. కరువులో బిడ్డను ఇసుకలో దించి పోయిన మనిషి పేరు ఈ దేశంలో రాసిపెట్టిన వాళ్లు లేరు, సీమలో ఎవరు రాస్తారు? అరవై రెండేళ్లలో ఒక్కరోజు కూడా, అమ్మా, నిన్ను కన్నామె పేరేంటని తను అడగలేదు. ఇంటి నిండా దొర గోలే. తనకు ఆమె అవ్వ అవుతుందన్న సంగతి కూడా ఇప్పుడే తట్టింది. కళ్లు మసకేసి కాగితం కనపడలేదు. శుక్లాల మీద నెట్టేద్దామన్నా కుదరలేదు. ధారగా కారుతున్నాయి.

తుడుచుకుని, తల్లి చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో రాశాడు.

"రాసినావా?"

"రాసినానమ్మా."

"ఇంకోటి గూడా రాయి."

"చెప్పు."

"ఎవరన్నా అడిగితే, నేను ఈడే ఉండానని రాయి."

యెహోషువ ఆ మాట కూడా రాశాడు.